కళ్లెదుట ఉన్న ఎంట్రీ పైథాన్‌కి ఎందుకు కనబడలేదు: పలాస జీడి ఫ్యాక్టరీలో తూకం చీటీల కేస్

పలాస–కాశీబుగ్గ ప్రాంతంలోని ఒక జీడి ఫ్యాక్టరీకి మేం వెళ్లి సరిచేసిన కేసు ఇది. యజమాని వివరాలు, ఫ్యాక్టరీ స్థాయి, సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ల పేరు వదిలేశాను. ఎర్రర్ ఒక్కటీ రాకుండా తప్పు జరిగే రకం కాబట్టి రాసి పెడుతున్నాను. ఎర్రర్ నంబరు వస్తే వెతుక్కోవచ్చు. లాగ్ ఫైలు శుభ్రంగా ఉండి పని మాత్రం జరగకపోతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

నేపథ్యం

అక్కడ రెండు కాటాలున్నాయి. ఒకటి కొనుగోలు కాటా. రైతులు, దళారులు తెచ్చే జీడి పిక్కల బస్తాలు (ఇక్కడ బస్తా అంటే 80 కిలోలు) దీని మీద తూస్తారు. రెండోది లోపలి కాటా. పొట్టు తీసిన పప్పును కూలీల వారీగా తూసి, కిలోల లెక్కన కూలి కడతారు. రెండు కాటాల దగ్గరా ఒకే డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ నడుస్తుంది. ఎంట్రీలన్నీ ఆఫీసు గదిలోని మైఎస్‌క్యూఎల్ 8.0 డేటాబేస్ సర్వర్‌లో ‘తూకాలు’ అనే ఒకే టేబుల్‌లోకి పోతాయి. ఐడీ ఆటో ఇంక్రిమెంట్, అంటే ప్రతి ఎంట్రీకీ తర్వాతి నంబరు సర్వరే ఇస్తుంది.

చీటీలు కొట్టే పని ఆ ప్రోగ్రామ్‌ది కాదు. స్థానికంగా ఒకాయన చేత చిన్న పైథాన్ స్క్రిప్టు రాయించుకున్నారు. పైమైఎస్‌క్యూఎల్ లైబ్రరీతో సర్వర్‌కి కలుస్తుంది, చివరిగా కొట్టిన ఐడీని ఒక టెక్స్ట్ ఫైల్లో దాచుకుంటుంది, అంతకన్నా పెద్ద ఐడీలు వస్తే మూడు అంగుళాల థర్మల్ ప్రింటర్‌కి పంపుతుంది. మొదట్లో దీన్ని విండోస్ టాస్క్ షెడ్యూలర్ నిమిషానికోసారి నడిపేది. ప్రతిసారీ నల్ల విండో ఒకటి తెర మీద మెరిసి పోతుంటే గుమాస్తాకి చిరాకేసింది. అందుకని స్క్రిప్టును ఒక్కసారి కనెక్ట్ అయ్యి, పది సెకన్లకోసారి అదే క్వెరీ (డేటాబేస్‌కి వేసే ప్రశ్న) అడుగుతూ తిరిగే లూప్‌గా మార్చారు. సమస్య ఆ మార్పుతోనే మొదలైంది. కానీ మార్చిన రోజు ఎవరికీ అనుమానం రాలేదు. స్క్రిప్టు స్టార్ట్ చేశారు, చీటీలు వచ్చాయి, బాగుందనుకున్నారు.

వచ్చిన ఫిర్యాదు

“ఎంట్రీలు పడుతున్నాయి, చీటీలు రావట్లేదు.” స్క్రిప్టు ఆపి మళ్లీ నడిపితే పేరుకున్న చీటీలన్నీ బొలబొలా వచ్చేస్తాయి. తర్వాత మళ్లీ మౌనం. వర్క్‌బెంచ్ (మైఎస్‌క్యూఎల్‌ని చేత్తో అడిగి చూసే ప్రోగ్రామ్) తెరిచి అదే క్వెరీ కొడితే కొత్త ఎంట్రీలు చక్కగా కనబడుతున్నాయి.

అన్నిటికన్నా పనికొచ్చిన ఆనవాలు కాటా దగ్గర గుమాస్తా ఇచ్చాడు: “కరెంటు పోయొచ్చినప్పుడల్లా చీటీలన్నీ ఒక్కపాలి వచ్చేస్తన్నాయి బాబూ.” సర్వర్‌కీ కాటా కంప్యూటర్లకీ యూపీఎస్ ఉంది. చీటీల పీసీకి లేదు. కరెంటు పోతే ఆగిపోయేది అదొక్కటే. తిరిగి లేచి కొత్తగా కనెక్ట్ అవుతుంది. అంటే నెట్‌వర్క్, ప్రింటర్, క్వెరీ, పాస్‌వర్డ్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కనెక్షన్ కొత్తదైతే పని చేస్తోంది, పాతబడితే చేయట్లేదు. ఈ ఒక్క మాటతో వెతకాల్సిన చోటు చాలా కుదించుకుపోయింది.

మేం వెళ్లేలోపు చేసి చూసినవి

పది సెకన్ల విరామాన్ని రెండు సెకన్లకి తగ్గించారు. లాన్ కేబులూ స్విచ్చూ మార్చారు. క్వెరీ కాష్ (ఒకసారి ఇచ్చిన జవాబును దాచి మళ్లీ ఇచ్చేది) పాత జవాబు ఇస్తోందేమోనని క్వెరీలో ‘ఎస్‌క్యూఎల్ నో కాష్’ అని చేర్చారు. మైఎస్‌క్యూఎల్ 8.0లో క్వెరీ కాష్‌నే తీసేశారు కాబట్టి ఆ మాట రాసినా రాయకపోయినా ఒకటే. చివరికి స్క్రిప్టును అరగంటకోసారి చంపి మళ్లీ లేపే ఏర్పాటు చేశారు. దాంతో చీటీలు అరగంట ఆలస్యంగానైనా వచ్చేవి, రోజు గడిచిపోయేది. ఇలాంటి ఏర్పాటు జబ్బును కప్పేస్తుంది. “సర్వర్ నెమ్మదిగా ఉంది” అన్న తప్పుడు అభిప్రాయం బలపడింది.

ఆ అభిప్రాయంతోనే పని వేళలో టేబుల్‌కి ఇండెక్స్ (త్వరగా వెతకడానికి కట్టే సూచిక) చేర్చబోయారు. దానికి కొట్టే ‘ఆల్టర్ టేబుల్’ ఆదేశం కదల్లేదు. కదలకపోగా రెండు కాటాలూ బిగుసుకుపోయాయి. లైన్లో బస్తాలు, లోపల తూకానికి కాచుకున్న కూలీలు. చివరికి సర్వర్ రీస్టార్ట్ చేసి విడిపించారు. వాళ్ల దృష్టిలో అది వేరే సమస్య. మా దృష్టిలో అదే సమస్యకి రెండో ముఖం. ఎందుకో కింద చెబుతాను.

నిర్ధారణ

మొదట ‘షో ప్రాసెస్‌లిస్ట్’ చూశాం. స్క్రిప్టు కనెక్షన్ ‘స్లీప్’ అని, సమయం పది సెకన్ల లోపు అని చూపించింది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. స్లీప్ అంటే ఆ క్షణాన క్వెరీ ఏదీ నడవట్లేదని మాత్రమే అర్థం. ట్రాన్సాక్షన్ (కమిట్‌తో ఖరారయ్యేదాకా, లేదా రోల్‌బ్యాక్‌తో రద్దయ్యేదాకా ఒకే పనిగా సాగేది) తెరిచి ఉందా లేదా అన్నది ఆ జాబితా చెప్పదు.

అది చెప్పేది ఇన్ఫర్మేషన్ స్కీమాలోని ‘ఇన్నోడీబీ టీఆర్ఎక్స్’ టేబుల్ (ఇన్నోడీబీ అంటే మైఎస్‌క్యూఎల్‌లో డేటా దాచే ఇంజిన్). ప్రాసెస్‌లిస్ట్‌లోని కనెక్షన్ నంబరును దాంట్లోని థ్రెడ్ ఐడీతో పోల్చితే స్క్రిప్టు పేరున ఒక ట్రాన్సాక్షన్ దొరికింది. మొదలైన సమయం స్క్రిప్టు ఆఖరిసారి లేచిన సమయమే. లాక్ చేసిన రికార్డులు సున్నా, నడుస్తున్న క్వెరీ ఖాళీ. ఏమీ రాయదు, ఏ రికార్డునూ లాక్ చేయదు, కానీ మూసుకోదు. అరగంట రీస్టార్ట్‌ను ఆపించి కాసేపు వదిలేస్తే ఆ మొదలైన సమయం అలాగే నిలబడిపోయింది. ‘షో ఇంజిన్ ఇన్నోడీబీ స్టేటస్’లో హిస్టరీ లిస్ట్ పొడవు పెరుగుతూ పోయింది. పాత స్నాప్‌షాట్‌ను (ఒక క్షణాన డేటా ఎలా ఉందో ఆ రూపాన్ని) ఎవరో పట్టుకుని కూర్చుంటే పాత వెర్షన్లను ఇంజిన్ తుడిచేయలేదు. ఆ అంకె పెరగడం దానికి గుర్తు.

ఇక కారణం. పైథాన్ డేటాబేస్ లైబ్రరీలు పాటించే పెప్ 249 అనే ప్రమాణం ప్రకారం ఆటోకమిట్ (ప్రతి వాక్యం తర్వాత దానంతట అదే కమిట్ అవడం) మొదట్లో ఆఫ్‌లో ఉండాలి. పైమైఎస్‌క్యూఎల్ అలాగే చేస్తుంది. కాబట్టి ప్రోగ్రామర్ ‘బిగిన్’ అనకపోయినా మొదటి సెలెక్ట్‌తోనే (డేటా చదివే క్వెరీ) ట్రాన్సాక్షన్ మొదలవుతుంది. ఇన్నోడీబీ డిఫాల్ట్ ఐసొలేషన్ (ఒకరి మార్పులు ఇంకొకరికి ఎప్పుడు కనబడాలన్న నియమం) రిపీటబుల్ రీడ్. అందులో మొదటి సెలెక్ట్ జరిగినప్పుడు తీసిన స్నాప్‌షాటే కమిట్ లేదా రోల్‌బ్యాక్ అయ్యేదాకా మిగతా మామూలు సెలెక్ట్‌లన్నిటికీ వర్తిస్తుంది. స్క్రిప్టు రాసినాయన చదవడమే కదా అని కమిట్ పెట్టలేదు. అందుకని ఉదయం ఏడు గంటలకి లేచిన స్క్రిప్టుకి రోజంతా ఏడు గంటల నాటి టేబులే కనబడుతుంది. పది సెకన్లకోసారి అడిగినా, రెండు సెకన్లకోసారి అడిగినా జవాబు అదే. నిమిషానికోసారి కొత్తగా నడిచిన పాత పద్ధతిలో ప్రతి కనెక్షన్‌కీ తాజా స్నాప్‌షాట్ దొరికేది కాబట్టి లోపం బయటపడలేదు. వర్క్‌బెంచ్, కమాండ్ లైన్ క్లయింట్ రెండూ మామూలుగా ఆటోకమిట్ ఆన్‌లో నడుస్తాయి, అందుకే అక్కడ కనబడేవి.

యజమానికీ స్క్రిప్టు రాసినాయనకీ ఇది మాటలతో ఎక్కదు, చూపించాలి. రెండు కమాండ్ విండోలు తెరిచాం. మొదటి దాంట్లో ‘స్టార్ట్ ట్రాన్సాక్షన్’ కొట్టి, తూకాల టేబుల్‌లో ఎంట్రీలు లెక్కపెట్టాం. రెండో దాంట్లో ఒక పరీక్ష ఎంట్రీ చేర్చాం. మొదటి దాంట్లో మళ్లీ లెక్కపెడితే పాత అంకే. కమిట్ కొట్టి లెక్కపెడితే ఒకటి పెరిగింది. ఈ ప్రయోగంలో ఒక మెలిక ఉంది. స్నాప్‌షాట్ తీసేది ‘స్టార్ట్ ట్రాన్సాక్షన్’ దగ్గర కాదు, మొదటి సెలెక్ట్ దగ్గర. మొదటి విండోలో సెలెక్ట్ కొట్టకముందే రెండో దాంట్లో ఎంట్రీ చేరిస్తే అది కనబడుతుంది, చూసేవాళ్లు “ఏమీ లేదుగా” అనేస్తారు.

ఇండెక్స్ వ్యవహారం కూడా ఇక్కడే తేలింది. ఒక టేబుల్‌ని చదివిన ట్రాన్సాక్షన్ మూసుకునేదాకా ఆ టేబుల్ మీద మెటాడేటా లాక్ (టేబుల్ నిర్మాణం మారకుండా పట్టి ఉంచేది) వదలదు. ఆల్టర్‌కి ఆ టేబుల్ కాసేపైనా ఒంటరిగా దొరకాలి, అందుకని వేచి ఉంటుంది. ఆల్టర్ క్యూలో నిలబడ్డాక దాని వెనక వచ్చే మామూలు ఇన్సర్ట్‌లూ సెలెక్ట్‌లూ కూడా ఆగిపోతాయి. ‘లాక్ వెయిట్ టైమౌట్’ డిఫాల్ట్ 3,15,36,000 సెకన్లు, అంటే ఏడాది. దానంతట అది విడిపోతుందని కాచుకోవడం దండగ. చీటీలు రాకపోవడానికీ, కాటాలు ఆగిపోవడానికీ మూలం ఒక్క మూయని ట్రాన్సాక్షనే.

మొదటి మరమ్మతు

ముందు నాలుగు దారులు కనబడ్డాయి. ప్రతి చుట్టులో సెలెక్ట్ తర్వాత కమిట్ పెట్టడం మొదటిది. పని చేస్తుంది, కానీ లూప్‌లో ‘ఎంట్రీలు లేకపోతే పైకి పో’ అనే కంటిన్యూ ఉంది. రేపు ఇంకెవరైనా కోడ్ సర్దుతూ కమిట్‌ను ఆ గీత కిందకి జరిపితే జబ్బు తిరగబెడుతుంది, అదీ ఎంట్రీలు లేని నిమిషాల్లోనే. ఐసొలేషన్‌ను రీడ్ కమిటెడ్‌కి మార్చడం రెండోది. ప్రతి సెలెక్ట్‌కీ తాజా స్నాప్‌షాట్ వస్తుంది, చీటీలూ వస్తాయి. కానీ ట్రాన్సాక్షన్ తెరిచే ఉంటుంది, మెటాడేటా లాక్ అలాగే ఉంటుంది. అంటే చీటీల గోల తగ్గి కాటాల గండం మిగులుతుంది. పైకి నయమైనట్టు కనబడుతుంది కాబట్టి దీన్ని వెంటనే కొట్టేశాం. ప్రతిసారీ కనెక్షన్ మూసి తెరవడం మూడోది. తప్పేమీ లేదు, ఇంత చిన్న పనికి భారమూ కాదు.

తీసుకున్నది నాలుగోది. కనెక్ట్ చేసేటప్పుడే ‘ఆటోకమిట్ ట్రూ’ అని ఆర్గ్యుమెంట్ ఇవ్వడం, రెండు మూడు వాక్యాలు కలిపి జరగాల్సిన చోట మాత్రం ‘బిగిన్’ అని విడిగా రాయడం. ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వడానికి ఇంకో కారణం ఉంది. చుట్టు మొదట్లో ‘పింగ్’తో కనెక్షన్ తెగితే తిరిగి కలిసేలా పెట్టాం. ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చింది తిరిగి కలిసినప్పుడూ వర్తిస్తుంది. కనెక్ట్ అయ్యాక ‘సెట్ ఆటోకమిట్ = 1’ అని క్వెరీగా పంపితే, అది ఆ కనెక్షన్‌తోనే పోతుంది.

అరగంట రీస్టార్ట్ తీసేశాం. ‘ఇన్నోడీబీ టీఆర్ఎక్స్’లో స్క్రిప్టు పేరు మాయమైంది. పని వేళ దాటాక ఇండెక్స్ చేరిస్తే ఇట్టే చేరింది. నిజానికి దాని అవసరం లేదు, కానీ చేరుతుందని వాళ్లు కళ్లారా చూడాలి కదా.

అయినా కొన్ని చీటీలు రాలేదు

కొద్ది రోజులకి కొత్త ఫిర్యాదు. చీటీలు వెంటవెంటనే వస్తున్నాయి, కానీ ఎప్పుడో ఒకటి అసలు రాదు. రీస్టార్ట్ చేసినా రాదు. ఇది ముందూ ఉండేదట. ప్రింటర్‌లో కాగితం అయిపోయి ఉంటుందనుకుని వదిలేసేవారట.

టేబుల్‌లోని ఐడీలనూ, స్క్రిప్టు లాగ్‌లోని ఐడీలనూ పక్కపక్కన పెట్టి తేడా తీశాం. తప్పిపోయినవన్నీ కొనుగోలు కాటావి. లోపలి కాటాది ఒక్కటీ లేదు. కాగితం అయిపోవడానికి ఏ కాటాయో తెలియదు కాబట్టి ప్రింటర్ మీద అనుమానం అక్కడితో పోయింది. కొనుగోలు కాటా దగ్గర పది నిమిషాలు నిలబడి చూస్తే సంగతి తెలిసింది. బస్తాలు కాటా మీద పెట్టి ‘తూకం’ బటన్ నొక్కగానే ప్రోగ్రామ్ ట్రాన్సాక్షన్ తెరిచి ఇన్సర్ట్ చేసేస్తుంది. తర్వాత గుమాస్తా పిక్కలు తేమ మీటరులో పోసి, రీడింగు చూసి, రైతుతో బేరం మాట్లాడి, అప్పుడు ‘సేవ్’ నొక్కుతాడు. కమిట్ అప్పుడు.

ఆటో ఇంక్రిమెంట్ ఐడీ ఇన్సర్ట్ నాడే కేటాయిస్తారు, బయటికి కనబడేది కమిట్ తర్వాత. కొనుగోలు కాటా 4501 తీసుకుని తేమ మీటరు దగ్గర ఆగింది అనుకుందాం. ఈలోపు లోపలి కాటా 4502 తీసుకుని వెంటనే కమిట్ చేసింది. స్క్రిప్టు 4502 చూసి చీటీ కొట్టి ‘చివరి ఐడీ 4502’ అని రాసుకుంది. ఆ తర్వాత 4501 కమిట్ అయినా స్క్రిప్టు అడిగేది 4502 కన్నా పెద్దవే. దానికి 4501 ఎప్పటికీ కనబడదు. ఐడీల వరుస, కమిట్ల వరుస ఒకటే అనుకుని రాసిన ఏ పోలింగ్ (పదే పదే అడిగి చూసే) స్క్రిప్టుకైనా ఇదే గతి. రెండో కాటా లేకపోతే ఇది బయటపడేదే కాదు.

వరుసలో ఖాళీ కనబడితే అది నిండేదాకా ఆగుదామా అని స్క్రిప్టు రాసినాయన అడిగారు. కుదరదు. గుమాస్తా ‘సేవ్’ బదులు ‘రద్దు’ నొక్కితే ఇన్సర్ట్ రోల్‌బ్యాక్ అవుతుంది, ఆ ఐడీ మాత్రం వెనక్కి రాదు. ఆ ఖాళీ ఎప్పటికీ నిండదు, చీటీలన్నీ దాని వెనక ఆగిపోతాయి. ఐడీకి బదులు సమయం కాలమ్ వాడినా అదే గొడవ, ఆ సమయమూ ఇన్సర్ట్ నాటిదే.

‘చీటీ అయ్యింది’ అనే కాలమ్ ఒకటి తూకాల టేబుల్‌కే చేర్చడం మామూలుగా అందరూ చేసేది. మేం చేయలేదు. ఆ టేబుల్ మనది కాదు. అమ్మిన ప్రోగ్రామ్ ఇన్సర్ట్‌లో కాలమ్ పేర్లు రాయకుండా విలువలు మాత్రమే ఇస్తుంటే, కాలమ్ ఒకటి పెరగ్గానే 1136 ఎర్రర్‌తో రెండు కాటాలూ ఆగుతాయి. 8.0.23 నుంచి కనబడని కాలమ్‌లు పెట్టుకునే వీలుంది గానీ, వేరేవాళ్ల టేబుల్ మీద తెలివితేటలు చూపించడం మంచిది కాదు.

అందుకని ‘చీటీలు’ అనే సొంత టేబుల్ పెట్టాం. మూడే కాలమ్‌లు: తూకం ఐడీ (ఇదే ప్రైమరీ కీ, అంటే ఒక ఐడీ ఒక్కసారే పడుతుంది), స్థితి, సమయం. ఫారిన్ కీ (ఒక టేబుల్‌ని ఇంకో టేబుల్‌కి ముడివేసేది) కావాలనే పెట్టలేదు. ప్రోగ్రామ్ అప్‌డేట్‌లో వాళ్లు తూకాల టేబుల్‌ని తీసి మళ్లీ కట్టాలనుకుంటే మన కీ అడ్డం పడుతుంది. స్క్రిప్టు ఇప్పుడు తూకాలను చీటీలతో లెఫ్ట్ జాయిన్ చేసి, చీటీ లేని తూకాలను మాత్రమే అడుగుతుంది. టేబుల్ మొత్తం వెతకకుండా ఉండడానికి అతి పెద్ద ఐడీ నుంచి వెనక్కి 5000 వరకే చూస్తుంది. రోజుకి పడేవి కొన్ని వందలే కాబట్టి, భోజనానికి లేచిపోయి సేవ్ మరిచినా ఆ హద్దు దాటదు.

సెలెక్ట్‌కి ‘ఫర్ అప్‌డేట్’ (చదివే ఎంట్రీలను లాక్ చేయమనే మాట) వాడకపోవడానికీ కారణం ఉంది. లాక్ అడిగే చదువు, కొనుగోలు కాటా ఇంకా కమిట్ చేయని ఎంట్రీకి తగులుకుంటే అక్కడే ఆగుతుంది. 50 సెకన్ల తర్వాత 1205 ఎర్రర్ ఇస్తుంది. మామూలు సెలెక్ట్ అయితే కమిట్ కానిదాన్ని దాటేసి పోతుంది, తర్వాతి చుట్టులో పట్టుకుంటుంది.

ముందు రాయాలా, ముందు కొట్టాలా

ఎక్కువ చర్చ జరిగింది దీని మీదే. చీటీ కొట్టాక టేబుల్‌లో రాస్తే, ఈ రెంటి మధ్యలో కరెంటు పోతే అదే చీటీ మళ్లీ వస్తుంది. రాశాక కొడితే, మధ్యలో పోయినది రాకుండానే పోతుంది. రెండూ ఒకేసారి జరిగే మార్గం లేదు, ప్రింటర్‌కి రోల్‌బ్యాక్ ఉండదు. చాలాచోట్ల రెండుసార్లు రావడమే మేలు. ఇక్కడ కాదు. లోపలి కాటా చీటీ చూపించే కూలీ కూలి తీసుకుంటుంది. రెండు చీటీలుంటే ఒక తూకానికి రెండుసార్లు కూలి, లేదా లెక్క తేడా వచ్చి ఎవరిదో కూలి కోత. రాని చీటీ గురించి ఆమె అక్కడే అడుగుతుంది.

కాబట్టి ముందు ‘తీసుకున్నది’ అన్న స్థితితో ఇన్సర్ట్. ఇంకో స్క్రిప్టు పొరపాటున నడుస్తున్నా ప్రైమరీ కీ వల్ల రెండో ఇన్సర్ట్ 1062 ఎర్రర్‌తో పడిపోతుంది, చీటీ ఒక్కటే వస్తుంది. తర్వాత ప్రింట్. తర్వాత ‘కొట్టింది’ అని అప్‌డేట్. స్క్రిప్టు లేచినప్పుడు ‘తీసుకున్నది’ దగ్గర ఆగిపోయినవి ఉంటే వాటిని తనంతట తాను కొట్టదు, తెర మీద జాబితా చూపిస్తుంది. గుమాస్తా కాగితం చూసి, రాలేదనుకుంటే బటన్ నొక్కుతాడు. ఆ చీటీ మీద ‘నకలు’ అని పడుతుంది.

దీంతోపాటే స్క్రిప్టు రూట్ యూజర్‌తో (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) లాగిన్ అవడం మాన్పించాం. కొత్త యూజర్‌కి తూకాల మీద సెలెక్ట్, చీటీల మీద సెలెక్ట్, ఇన్సర్ట్, అప్‌డేట్, అంతే.

ఇలాంటిది వేరేచోట ఎదురైతే

పైథాన్ స్క్రిప్టుకి పాత డేటా కనబడుతోందంటే కాష్, నెట్‌వర్క్ జోలికి పోకముందు మూడు చూడండి. పైమైఎస్‌క్యూఎల్‌లో ‘గెట్ ఆటోకమిట్’ ఏమంటోంది, సర్వర్‌లో ట్రాన్సాక్షన్ ఐసొలేషన్ ఏమిటి, ‘ఇన్నోడీబీ టీఆర్ఎక్స్’లో ఆ కనెక్షన్ ఎప్పటి నుంచి ఉంది. పీహెచ్‌పీలో మైఎస్‌క్యూఎల్‌ఐ, పీడీఓ రెండూ ఆటోకమిట్ ఆన్‌తో మొదలవుతాయి. అందుకే పీహెచ్‌పీ నుంచి పైథాన్‌కి వచ్చినవాళ్లు దీనికి ఎక్కువగా దొరుకుతారు. రాసేటప్పుడైతే కమిట్ మరిచిపోయినందుకు డేటా పోయి వెంటనే తెలుస్తుంది. చదివేటప్పుడు కమిట్ అవసరమన్న సంగతే తట్టదు.

మేం వదిలి వచ్చిన కాపలా ఒక్కటే: ఐదు నిమిషాలు దాటి తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్లను, వాటి కంప్యూటర్ పేరుతో సహా ఒక ఫైల్లో రాసే చిన్న క్వెరీ. ఇప్పుడు అందులో పడేవన్నీ కొనుగోలు కాటావే, మధ్యాహ్నం భోజనాల వేళ ఎక్కువ. ఆ ఫైల్‌నే ప్రోగ్రామ్ అమ్మినవాళ్లకి పంపించారు. తేమ రీడింగు కొట్టాకే ఇన్సర్ట్ చేసేలా మారుస్తామన్నారు. అది వచ్చాక కూడా చీటీల టేబుల్‌ని అలాగే ఉంచమని చెప్పాం. రెండు కాటాలు ఉన్నంతకాలం కమిట్లు ముందువెనకలవడం పూర్తిగా ఆగదు, ఆ వ్యవధి నిమిషాల నుంచి మిల్లీసెకన్లకి తగ్గుతుంది, అంతే.